ఫోన్‌లో టెలిప్రాంప్టర్ యాప్‌తో వీడియో తీయడం ఎలా?

స్నేహితుల మధ్య గంటసేపు గలగలా మాట్లాడేవాళ్లు కూడా రికార్డింగ్ ఎర్ర చుక్క వెలగ్గానే తడబడతారు. ధర చెప్పడం మర్చిపోతారు, చెప్పిందే మళ్లీ చెబుతారు. టీవీ స్టూడియోల్లో ఈ టెన్షన్ తప్పించడానికి 1950ల నుంచే టెలిప్రాంప్టర్ వాడుతున్నారు. మొదట్లో కాగితం చుట్ట మీద పెద్ద అక్షరాలు వేసి కెమెరా దగ్గర మెల్లగా తిప్పేవారు. ఇప్పుడు ఆ పని ఫోన్ యాప్ చేస్తోంది. రాసుకున్న మాటలు స్క్రీన్ మీద పైకి జరుగుతుంటాయి, మీరు చదువుతుంటే సెల్ఫీ కెమెరా రికార్డు చేస్తుంది. గాజువాకలో ట్యూషన్ చెప్పే టీచరుకైనా, మధురవాడలో ఫ్లాట్లు చూపించే ఏజెంటుకైనా ఇది చాలు.

అయితే యాప్ వేసుకున్నవాళ్లలో చాలామంది మొదటి వీడియోలో పాఠం అప్పజెబుతున్నట్టు కనిపిస్తారు. అది యాప్ లోపం కాదు, స్క్రిప్టు లోపం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. నోటికి తగ్గట్టు రాసుకోండి

మీరు విశాఖలో మాడుగుల హల్వా అమ్ముతున్నారనుకోండి. "గోధుమల నుండి తీయబడిన పాలతో ఈ హల్వా తయారుచేయబడుతుంది" అని రాసుకుంటే ఎంత బాగా చదివినా చదివినట్టే ఉంటుంది. "గోధుమలు నానబెడతాం. రుబ్బి పాలు తీస్తాం. ఆ పాలతోనే ఈ హల్వా" అని రాసుకుంటే మాట్లాడినట్టు ఉంటుంది. ఇలా రాయడం రాకపోతే తేలిక మార్గం ఒకటుంది. ఫోన్ కీబోర్డులో తెలుగు భాష పెట్టుకుని మైక్ గుర్తు నొక్కి, ఎదురుగా కొనేవాళ్లు ఉన్నట్టే చెప్పేయండి. అది టైప్ చేసినదాంట్లో తప్పులుంటాయి, దిద్దుకోవాలి. కానీ వాక్యాల నడక మీదే అవుతుంది.

ఒక్కో వాక్యం ఒక్క ఊపిరిలో పూర్తవ్వాలి. అంకెలను పలికినట్టే రాయండి. స్క్రీన్ మీద 1,250 కనిపిస్తే పన్నెండొందల యాభై అనాలా, వెయ్యీ రెండొందల యాభై అనాలా అని లెక్కపెట్టుకునేలోపు వరస తప్పుతుంది. ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు లిపిలోనే ఉంటే కన్ను ఆగకుండా సాగుతుంది. ఇంట్లో మాట్లాడే ఉత్తరాంధ్ర యాసను కూడా అలాగే ఉంచేయండి. "ఏటండీ" అనే అలవాటున్న మనిషి కెమెరా ముందు "ఏమిటండీ" అంటే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

"ఇక్కడ నవ్వాలి", "ఆగాలి" లాంటి సూచనలు మాటల మధ్యలో రాయకండి. ఊపులో వాటినీ చదివేస్తారు! ఆగాల్సిన చోట ఒక ఖాళీ లైను వదిలితే సరిపోతుంది.

ఇంకో సంగతి: అన్నిటికీ స్క్రిప్టు అక్కర్లేదు. వంట చేస్తూనో, ఇల్లు తిప్పి చూపిస్తూనో మాట్లాడేటప్పుడు టెలిప్రాంప్టర్ అడ్డమే. పరిచయం, ధరలు, చిరునామా, చివర చెప్పాల్సిన రెండు ముక్కలు, వీటికి వాడుకోండి.

2. యాప్‌లో ఎక్కించండి

ప్లే స్టోర్‌లో గానీ యాప్ స్టోర్‌లో గానీ టెలిప్రాంప్టర్ అని వెతికితే చాలా యాప్‌లు వస్తాయి. డబ్బు కట్టేముందు ఉచిత వెర్షన్‌లో ఒక చిన్న వీడియో తీసి చూడండి. కొన్ని వీడియో మీద తమ ముద్ర (వాటర్‌మార్క్) వేస్తాయి, కొన్ని నిడివికి హద్దు పెడతాయి. కెమెరా, మైక్ అనుమతులు ఇవ్వక తప్పదు. ఆండ్రాయిడ్‌లో కొన్ని యాప్‌లు స్క్రిప్టును తేలే కిటికీలా మీ మామూలు కెమెరా యాప్ మీదే చూపిస్తాయి. దానికి "ఇతర యాప్‌ల మీద కనిపించే" అనుమతి కూడా కావాలి.

డీటీపీ చేసేవాళ్ల దగ్గర అను ఫాంట్లలో టైప్ చేయించిన మ్యాటర్ అతికిస్తే యాప్‌లో పిచ్చి గీతలే కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లు చదవగలిగే తెలుగు అక్షరాల్లోకి, మార్పించుకున్నాకే అతికించండి. తర్వాత వత్తులు చూడండి. లైన్ల మధ్య ఖాళీ తక్కువైతే పై లైను వత్తులు కింది లైను గుడిదీర్ఘాలతో కలిసిపోతాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీ తెలుగుకు చాలదు, కాస్త పెంచండి.

3. వేగం మీరే తేల్చుకోండి

చాలా యాప్‌లు వేగాన్ని నిమిషానికి ఇన్ని పదాలు అని చూపిస్తాయి. ఇంగ్లీషులో 130, 150 మామూలు వేగం. తెలుగులో పదాలు అతుక్కుని పొడవవుతాయి కాబట్టి ఆ అంకె మనకు పనికిరాదు. స్క్రిప్టును మీ మామూలు వేగంతో ఒకసారి పైకి చదివి టైమ్ చూసుకోండి. నిమిషంన్నర పడితే యాప్‌లో కూడా మొత్తం నిమిషంన్నరకు అయిపోయేలా వేగం సర్దండి. మాట వింటూ దానంతటదే జరిగే సౌకర్యం కొన్నిటిలో ఉంటుంది. అది తెలుగు వింటుందో లేదో రికార్డింగ్‌కు ముందే పరీక్షించండి.

4. చూపు దొరక్కుండా

అసలు కిటుకు ఇక్కడుంది. చూసేవాళ్లు ముందు పట్టుకునేది మీ కళ్లనే. లెన్స్‌కు 5 సెంటీమీటర్ల కింద ఉన్న లైను చదువుతున్నారనుకుందాం. ఫోన్ అరమీటరు దూరంలో ఉంటే మీ చూపు లెన్స్ నుంచి దాదాపు 6 డిగ్రీలు తప్పుతుంది. అదే మీటరు దూరంలో అయితే 3 డిగ్రీల లోపే. అందుకే ఫోన్ చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్ మీద పెట్టి, మూడు నాలుగు అడుగుల వెనక్కి జరిపి, అక్షరాలు పెద్దవి చేయండి. లెన్స్ కంటి ఎత్తులో ఉండాలి.

లైనులో మూడు నాలుగు పదాలే పట్టాలి. లైను వెడల్పైతే కళ్లు అటూ ఇటూ పరిగెడతాయి, పైనుంచి కిందికి కదలడం కంటే అదే ఎక్కువ కనబడుతుంది. మార్జిన్లు పెంచి, చదివే లైనును లెన్స్ కిందికి, అంటే స్క్రీన్ పై అంచుకు తీసుకురండి. యూట్యూబ్ కోసం ఫోన్ అడ్డంగా పెడితే లెన్స్ ఒక పక్కకు పోతుంది. అప్పుడు స్క్రిప్టును కూడా సన్నటి నిలువు వరసగా చేసి ఆ పక్కకే జరపాలి. యాప్‌లో అలా జరిపే వీలు లేకపోతే నిలువుగానే తీయడం మేలు.

వెనక కెమెరా నాణ్యత కావాలనుకుంటే రెండో ఫోన్‌లో స్క్రిప్టు నడిపి, దాన్ని లెన్స్‌కు ఆనించినట్టు పైన పెట్టుకోవచ్చు. 45 డిగ్రీల వాలులో గాజు పెట్టి, అందులో ప్రతిబింబించే స్క్రిప్టును చదువుతుంటే గాజు వెనక నుంచి కెమెరా తీసే పరికరాలు కూడా దొరుకుతాయి. వాటికి యాప్‌లో అక్షరాలు అద్దంలోలా తిరగేసే మిర్రర్ మోడ్ ఉండాలి. ఫొటో ఫ్రేమ్ గాజుతో సొంతంగా చేసుకుంటే రెండు వైపుల నుంచీ ప్రతిబింబం పడి అక్షరాలు జంటగా కనిపిస్తాయి, తెలుగు వత్తులకు అది మరీ చికాకు.

5. బీచ్‌లో తీయాలంటే

విశాఖలో వీడియో అంటే వెనకాల సముద్రం ఉండాల్సిందే కదా! అయితే సాయంత్రం వెళ్లండి. మన సముద్రం తూర్పున ఉంది. ఆర్కే బీచ్‌లోనో తెన్నేటి పార్కులోనో పొద్దున్నే సముద్రానికి వీపు పెట్టి నిలబడితే సూర్యుడు మీ వెనక ఉంటాడు. ముఖం నల్లగా వస్తుంది, పైగా ఆ ఎండ నేరుగా ఫోన్ స్క్రీన్ మీద పడి ఒక్క అక్షరం కనిపించదు. సాయంత్రమైతే వెలుగు ఊరి వైపు నుంచి ముఖం మీద పడుతుంది, స్క్రీన్ నీడలో ఉంటుంది. బీచ్ రోడ్డు భవనాల వెనక్కి సూర్యుడు దిగాక కళ్లు చికిలించాల్సిన పని కూడా ఉండదు.

గాలి మాత్రం ఊరుకోదు. మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి ఒడ్డుకు వీస్తుంది. ఫోన్ మైక్‌లో హోరు తప్ప మాట పడదు. బొచ్చు తొడుగు వేసిన కాలర్ మైక్ వాడండి. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే మీ ఒళ్లే గాలికి కొంత అడ్డం. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, కొన్ని నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. నేవీ ప్రాంతాల్లో ఫొటోలు నిషిద్ధమని బోర్డులున్న చోట ట్రైపాడ్ తీయకండి.

6. ఇక రికార్డింగ్

ఫోన్‌ను డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టండి, స్క్రిప్టు నడుస్తుండగా కాల్ వస్తే అన్నీ ఆగిపోతాయి. 1080పీ వీడియో ఫోన్‌ను బట్టి నిమిషానికి 60 నుంచి 150 ఎంబీ దాకా తింటుంది, ఖాళీ చూసుకోండి. కౌంట్‌డౌన్ అయ్యాక, చివరి మాట తర్వాత రెండేసి సెకన్లు మౌనంగా కెమెరాను చూస్తే ఎడిటింగ్‌కు తేలిక. మొత్తం ఒకే టేక్‌లో రావాలని పట్టుపట్టకండి, పేరాకొక క్లిప్ తీసి అతికించుకోండి.

తీశాక మొదట సౌండ్ ఆపేసి చూడండి. కళ్లు పాకుతున్నట్టుంటే ఫోన్‌ను ఇంకో అడుగు వెనక్కి జరిపి, లైను ఇంకా సన్నం చేయండి. తర్వాత స్క్రీన్ చూడకుండా వినండి. ఎక్కడ గొంతు చప్పగా సాగిందో ఆ పేరాను యాప్‌లోంచి తీసేసి, మైక్ గుర్తు నొక్కి మళ్లీ నోటితో చెప్పి, ఆ ముక్క ఒక్కటే తీయండి.