పందుంపుల్ల నుంచి లవంగం దాకా: పిప్పిపన్ను రాకుండా ఇంట్లో ఏం చేయాలి?

తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ పొద్దున లేవగానే వేపచెట్టు దగ్గరికో కానుగచెట్టు దగ్గరికో వెళ్లి పందుంపుల్ల విరుచుకుంటారు. ఆ అలవాటు మంచిదే కానీ, పుల్ల నమిలినంత మాత్రాన పిప్పిపన్ను రాదనుకోవడం పొరపాటు. నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైనున్న గట్టి పొరను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ ఆమ్లం బలాన్ని లాలాజలం విరిచేయడానికి ఇంచుమించు అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్న దానికంటే రోజులో ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ఎక్కువ లెక్క.

కొండ మీద నుంచి వచ్చిన లడ్డూనే తీసుకోండి. వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా చిటికెడు తుంచి నోట్లో వేసుకుంటే, కలకండ పలుకులూ ఎండుద్రాక్షలూ దవడపళ్ల సందుల్లో ఇరుక్కుని రోజంతా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ప్రసాదాన్ని భోజనంతోపాటు ఒక్కసారే తిని, వెంటనే నీళ్లు పుక్కిలించాలి. చక్కెరకు బదులు చిత్తూరు బెల్లం వాడితే పళ్లకు భయం లేదన్నది కూడా వట్టి మాటే. సూక్ష్మజీవులకు రెండూ ఒకటే.

పుల్ల వాడేవారు చిటికెనవేలి లావున, జానెడు పొడవున్న లేత కొమ్మను, రోడ్డు దుమ్ము పడని చెట్టు నుంచి తీసుకుని కడగాలి. ఒక కొన వద్ద అర అంగుళం మేర బెరడు తీసి, పీచు మెత్తని కుంచెలా విచ్చుకునే దాకా దవడపళ్లతో నిదానంగా నమలాలి. పై వరుసను చిగురు నుంచి కిందికి, కింది వరుసను చిగురు నుంచి పైకి తోమాలి. అడ్డంగా గట్టిగా రుద్దితే చిగుళ్లు ఒరుసుకుపోతాయి. మా అవ్వ పుల్ల నములుతూ పెరడంతా ఒక చుట్టు తిరిగి వచ్చేది, చివరికి దాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఆ బద్దతో నాలుక గీసుకుని కానీ పారేసేది కాదు. దవడపళ్ల లోపలి వైపుకు మాత్రం పుల్ల సరిగా అందదు, అక్కడ బ్రష్షే నయం.

పరగడుపున ఒక చెంచా నువ్వుల నూనెను ఐదు నుంచి పది నిమిషాలు, అది పలుచబడి తెల్లగా మారే వరకు పుక్కిలించి ఉమ్మేయడం కూడా పాత పద్ధతే. నూనెను మింగకూడదు, చిన్నపిల్లలతో చేయించకూడదు. ఇది తోముకోవడానికి తోడే కానీ బదులు కాదు. బొగ్గుపొడి, ఇటుకపొడి జోలికి పోవద్దు. అవి పళ్లను తెల్లగా చూపిస్తూనే పై పొరను అరగదీస్తాయి. పుల్లటి మామిడికాయో చింతకాయో తిన్నాక అరగంట ఆగి తోముకోవాలి, ఎందుకంటే అప్పుడు మెత్తబడి ఉన్న పొర బ్రష్షు ఒరిపిడికి త్వరగా అరుగుతుంది.

రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కనుక, పడుకునే ముందు, పంటి పొరను గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవడం ఏ మూలికకన్నా ముఖ్యం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆ పైన ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పిల్లలు పేస్టు మింగకుండా పెద్దలు పక్కనుండి చూసుకోవాలి.

పన్ను సలిపినప్పుడు లవంగం బుగ్గన పెట్టుకుంటే అందులోని యూజెనాల్ అనే పదార్థం నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, పుచ్చును మాత్రం ఆపదు. లవంగ నూనెను నేరుగా చిగురుపై పోస్తే మంట పుడుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించడం కాస్త ఉపశమనమిస్తుంది. చల్లని నీళ్లు తగిలితే జివ్వుమన్నా, తోమినా పోని నల్లమచ్చ కనిపించినా, నొప్పి రెండు రోజులు దాటినా దంతవైద్యునికి చూపించుకోవాలి. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి.