రేడియో తరంగాల టన్నెలింగ్ టైమ్ కొలిచే కేబుల్ సెట్టు: సమస్యలు – పరిష్కారాలు

తరంగం తను సాగలేని అడ్డుగోడని కూడా కొంత దాటి అవతలికి రావడమే టన్నెలింగ్; దానికి పట్టే సమయం కొలిచే సెట్టు ఇది. చెన్నైలో ఫిజిక్స్, ఈసీఈ ప్రాజెక్టుగా దీన్ని కట్టుకునే మన తెలుగు విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాం. సరుకంతా రిచీ స్ట్రీట్‌లోనే దొరుకుతుంది. 2002లో హాషే, ప్వారియే అనే కెనడా పరిశోధకులు 120 మీటర్ల కేబుల్‌తో చేసిన ప్రయోగానికి ఇది చిన్న రూపం.

ముందు సెట్టు సరిగ్గా ఉంటే ఏం కనిపించాలో తెలియాలి. 75 ఓమ్‌ల ఆర్‌జీ-59 ముక్కలు 6, 50 ఓమ్‌ల ఆర్‌జీ-58 ముక్కలు 5 తీసుకుని ఒకటి మార్చి ఒకటి కలపాలి. మొదటిదీ చివరిదీ 75 ఓమ్‌లదే కావాలి. ఒక్కో ముక్క 50 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం పొడవు, అంటే సుమారు 99 సెంటీమీటర్లు. మొత్తం 10.9 మీటర్లు వస్తుంది. దాదాపు 43.6 నుంచి 56.4 మెగాహెర్ట్జ్ దాకా తరంగం లోపల సాగదు, క్షీణిస్తుంది. అదే మన అడ్డుగోడ. నానోవీఎన్ఏలో (ఫ్రీక్వెన్సీ మారుస్తూ సిగ్నల్ కొలిచే చిన్న పరికరం) ఎస్21, అంటే అవతలికి ఎంత సిగ్నల్ దాటిందో చూస్తే నడిమధ్యన సుమారు 15 డీబీ పల్లం కనపడాలి. గ్రూప్ డిలే, అంటే పల్స్ శిఖరం అవతలికి రావడానికి పట్టే సమయం, అక్కడ 20 నానోసెకన్లు ఉండాలి. మామూలు కేబుల్లో ఇంత దూరానికి 55 నానోసెకన్లు పడుతుంది, శూన్యంలో కాంతికే 36 పడుతుంది.

పల్లమే లేదు, లేదా ఉన్నా లోతు లేదు

తొంభై పాళ్లు కేబుల్ తేడా. 75 ఓమ్‌లది అడిగితే డీటీహెచ్‌కి వాడే ఆర్‌జీ-6 చేతిలో పెడతారు. ఓమ్‌లు సరిపోతాయి కానీ లోపల నురుగు ఇన్సులేషన్ ఉంటుంది, అందులో తరంగం వేగం కాంతి వేగంలో 82 శాతం దాకా పోతుంది. 99 సెంటీమీటర్లకి కోస్తే అది పావు తరంగం కాదు. దానికి 1.23 మీటర్లు కావాలి. ఆర్‌జీ-59లో కూడా నురుగు రకం ఉంది. కేబుల్ తొడుగు మీద అచ్చు చదివి కొనండి, ఆ తర్వాత కూడా కొలవకుండా నమ్మకండి.

కొలిచే పద్ధతి ఇది: ముక్కకి రెండువైపులా బీఎన్‌సీ క్రింప్ చేసి, అవతలి కొసన బ్యారెల్ (రెండు కనెక్టర్లని కలిపే జాయింటు) తగిలించి ఖాళీగా వదిలేయండి. ఇవతలి కొసని నానోవీఎన్ఏకి కలిపి ఎస్11 (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) స్మిత్ చార్ట్ అనే గుండ్రటి పటంలో చూడండి. పావు తరంగం దగ్గర చుక్క ఎడమ అంచుకి వస్తుంది. అది 50 మెగాహెర్ట్జ్ దగ్గర రావాలి.

పల్లం ఉంది గానీ 48 దగ్గర ఉంది

కనెక్టర్లూ బ్యారెళ్లూ పొడవులో కలుస్తాయి. 50కి బదులు 48.5 చూపిస్తే ముక్క 3 శాతం ఎక్కువ, అంటే 3 సెంటీమీటర్లు తగ్గించాలి. ఒక ముక్కతో లెక్క తేల్చుకుని మిగతావన్నీ అదే కొలతకి కోయండి.

డిలే 20 కన్నా తక్కువ వస్తోంది, ఒక్కోసారి మైనస్‌లో పడుతోంది

సంబరపడాల్సిన చోటు కాదిది, అనుమానించాల్సిన చోటు. ఈ ప్రయోగంలో చిన్న అంకె రావడమే ఫలితం. కాబట్టి అంకెని చిన్నది చేసే ప్రతి పొరపాటూ గొప్ప ఫలితంలాగే కనిపిస్తుంది. అసలు కారణం దాదాపు ఎప్పుడూ కాలిబ్రేషన్‌లోనే ఉంటుంది. త్రూ (లీడ్లు కలిపి ఆ డిలేని సున్నాగా లెక్కపెట్టించే కాలిబ్రేషన్ మెట్టు) తీసుకునేటప్పుడు రెండు లీడ్ల మధ్య ఒక మీటరు ప్యాచ్ కేబుల్ ఉండి, కొలిచేటప్పుడు అది లేకపోతే 5 నానోసెకన్లు మాయమవుతాయి. 20 కాస్తా 15 అవుతుంది. లీడ్లు కలపకముందే కాలిబ్రేట్ చేస్తే ఉల్టా, అంకె పెరుగుతుంది.

సరిచేసే పద్ధతి: కొలతకి వాడే లీడ్లూ అడాప్టర్లూ అన్నీ బిగించి, వాటి కొసలు నేరుగా కలిపి త్రూ తీసుకోండి. తర్వాత సరిగ్గా 2 మీటర్ల ఆర్‌జీ-58 ముక్క పెట్టండి. 10.1 నానోసెకన్లు రావాలి. అది రాకుండా గోడని కొలవడం దండగ.

డిలే గీత రంపపు పళ్లలా ఉంది

పాయింట్లు మరీ దగ్గరగా ఉన్నాయి. 40–60 మెగాహెర్ట్జ్ మధ్య 101 పాయింట్లు పెడితే ఒక్కో అడుగు 0.2 మెగాహెర్ట్జ్. డిలేని పరికరం ఫేజు (తరంగం దశ) మార్పు నుంచే లెక్కేస్తుంది; 20 నానోసెకన్లకి ఫేజు అడుగుకి 1.44 డిగ్రీలే మారుతుంది. ఫేజులో 0.1 డిగ్రీ వణుకు వస్తే డిలేలో 1.4 నానోసెకన్లు తేడా పడుతుంది. డేటాని ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని 1 మెగాహెర్ట్జ్ దూరంలోని ఫేజులతో లెక్కేస్తే ఆ తేడా 0.3 లోపుకి దిగుతుంది.

చేత్తో చుట్ట కదిపినప్పుడల్లా గీత మారుతుంటే మాత్రం తప్పు లెక్కలో లేదు, కనెక్టర్లో ఉంది. చెన్నై ఉప్పుగాలికి అల్లిక తీగ నల్లబడి కాంటాక్టు పాడవుతుంది. నల్లబడిన భాగం కోసేసి మళ్లీ క్రింప్ చేయండి. తుడిస్తే సరిపోదు.

పల్లం మధ్యలో సన్నటి శిఖరం, అక్కడ డిలే ఎగబాకింది

ఒకే రకం ముక్కలు రెండు పక్కపక్కన పడ్డాయి. అవి కలిసి అర తరంగం అయ్యి, అక్కడ శక్తి చిక్కుకుని రెజొనెన్స్ వస్తోంది. 75 ఓమ్‌ల ముక్కలన్నిటికీ ఎర్ర టేపు చుట్టి, వరస మళ్లీ చూసుకోండి.

ముక్కలు పెంచితే డిలే కూడా పెరుగుతోంది

మీరు చదువుతున్నది పల్లం అంచు దగ్గర. అంచుల్లో డిలే 55 కన్నా ఎక్కువే ఉంటుంది. మార్కర్‌ని నడిమధ్యకి తీసుకురండి. అక్కడ 75 ఓమ్‌లవి 8, 50 ఓమ్‌లవి 7 చేసినా డిలే 20 దగ్గరే నిలుస్తుంది, పల్లం మాత్రం 22 డీబీకి దిగుతుంది. 1962లో హార్ట్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పింది ఇదే. కారణం కూడా కేబుల్‌లోనే ఉంది: వచ్చిన శక్తిలో ఎక్కువ భాగం ముందు ముక్కల్లో కాసేపు నిలిచి వెనక్కి పోతుంది. కొలతలో కనిపించేది ఆ నిలిచిన సమయం. వెనక ఎన్ని ముక్కలు చేర్చినా ముందు భాగంలో నిలిచే శక్తి మారదు. పావు తరంగానికి పట్టే 5 నానోసెకన్లని 2×50÷(75−50)తో, అంటే 4తో గుణిస్తే 20 వస్తుంది. వేరే ఓమ్‌ల కేబుళ్లు వాడేవాళ్లు ఈ సూత్రంతోనే ముందుగా అంచనా వేసుకోవచ్చు.

ఆసిలోస్కోప్‌లో పల్స్ చీలిపోతోంది

పల్స్ మరీ పొట్టిది. దాని స్పెక్ట్రమ్ (అందులోని ఫ్రీక్వెన్సీల పరిధి) 12.8 మెగాహెర్ట్జ్ పల్లం దాటి బయటికి పోతే, బయటి భాగం గోడతో పనిలేకుండా నేరుగా వచ్చేస్తుంది. 150 నానోసెకన్ల గాసియన్ (గంట ఆకారపు) పల్స్ వాడండి, స్పెక్ట్రమ్ 3 మెగాహెర్ట్జ్‌లో ఒదుగుతుంది. స్కోప్ ఇన్‌పుట్ 1 మెగాఓమ్ మీద ఉంటే తోక గిలగిల్లాడుతుంది, 50 ఓమ్‌ల ఫీడ్‌త్రూ టెర్మినేటర్ పెట్టాలి. రెండు ఛానెళ్ల కేబుళ్లూ ఒకే పొడవు ఉండాలి. ల్యాబ్‌లో జనరేటర్ 25 మెగాహెర్ట్జ్ దాటకపోతే అన్నీ అయిదింతలు చేసి 10 మెగాహెర్ట్జ్‌కి మారండి: ముక్క 4.95 మీటర్లు, డిలే 100 నానోసెకన్లు, పల్స్ 750 నానోసెకన్లు.

పల్స్ శిఖరం కాంతి కన్నా ముందొచ్చిందని రిపోర్టులో రాసేముందు పల్స్ మొదలైన క్షణాన్ని కూడా చూడండి. సున్నా నుంచి ఒక్కసారిగా లేచే సిగ్నల్ ఇస్తే దాని మొదటి అంచు ఎప్పుడూ 36 నానోసెకన్ల తర్వాతే వస్తుంది. శిఖరం జరిగేది పల్స్ ఆకారం మారడం వల్ల. ఈ రెండు కొలతలూ ఒకే పేజీలో పక్కపక్కన ఇవ్వండి.