చనిపోయిన ఉద్యోగి ఆఖరి జీతం: డబ్ల్యూ-2లో ఎంత, 1099లో ఎంత?

అమెరికాలో చిన్న కంపెనీలకు పేరోల్ చూడటం నా పని. ఫలానా ఉద్యోగి చనిపోయారని ఫోన్ వస్తే నేను ముందు అడిగేవి రెండు తేదీలు: ఎప్పుడు పోయారు, మిగిలిన జీతం ఎప్పుడు ఇస్తున్నారు. ఆ రెండూ ఒకే క్యాలెండర్ సంవత్సరంలో ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే మిగతా పనంతా.

సాఫ్ట్‌వేర్‌లో చనిపోయిన తేదీ ఎక్కించి, డైరెక్ట్ డిపాజిట్ ఆపేయండి. డబ్బు ఎస్టేట్‌కు (పోయినవారు వదిలివెళ్ళిన ఆస్తిపాస్తులకు) ఇవ్వాలా, నేరుగా భార్యకో భర్తకో ఇవ్వచ్చా అన్నది మీ స్టేట్ చట్టం చూసి తేల్చుకోవాలి. ఎవరికిచ్చినా వాళ్ళ దగ్గర డబ్ల్యూ-9 (పేరు, ట్యాక్స్ నంబర్ రాసిచ్చే ఫారం) తీసుకోండి. ఎస్టేట్ అయితే దాని పేరు మీద ఈఐఎన్ (ఐఆర్ఎస్ ఇచ్చే ట్యాక్స్ నంబర్) ఉండాలి. పోయినవారి సోషల్ సెక్యూరిటీ నంబర్‌తో 1099 (డబ్ల్యూ-2లో రాని చెల్లింపులు చూపే ఫారం) ఇవ్వకూడదు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళని ఫారం అడగాలంటే మొహమాటంగానే ఉంటుంది, అయినా చెక్కు ఇచ్చేటప్పుడే అడిగేయండి.

ఇక లెక్క. ఒక ఉద్యోగి అక్టోబర్ 12న పోయారనుకుందాం. అప్పటికి అందుకున్న జీతం 62,000 డాలర్లు. ఇంకా రావలసిన జీతం 2,400, వాడుకోని సెలవులకు 1,600, మొత్తం 4,000. చెక్కు నవంబర్‌లో ఇస్తున్నారు, అంటే అదే సంవత్సరం. ఈ 4,000 మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ పట్టుకోకూడదు. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం మాత్రం పట్టుకోవాలి: 248, 58. చెక్కు 3,694కు రాస్తారు. కంపెనీ వాటా మామూలే.

డబ్ల్యూ-2 అంటే ఉద్యోగి ఏడాది జీతం, కోతలు చూపే ఫారం. అందులో బాక్స్ 1 (ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కకొచ్చే జీతం) దగ్గర 62,000 మాత్రమే ఉండాలి. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ లెక్కకొచ్చే జీతం చూపే బాక్స్ 3, బాక్స్ 5లో 66,000. చాలా సాఫ్ట్‌వేర్లు వీటిని వాటంతట అవి విడదీయవు, అందుకే ప్రింట్ ఇచ్చేముందు ఈ మూడు బాక్సులూ కళ్ళతో చూసుకోండి. తర్వాత డబ్బు అందుకున్నవారి పేరు మీద 1099-మిస్క్ (1099లో ఇతర చెల్లింపుల రకం), దాని బాక్స్ 3లో 4,000. చెక్కు మీదున్న 3,694 కాదు, కోతలకు ముందున్న మొత్తమే వేయాలి.

అదే చెక్కు జనవరిలో ఇస్తే? సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా ఉండవు. ఆ 4,000 డబ్ల్యూ-2లో ఎక్కడా కనిపించదు, 1099-మిస్క్ ఒక్కటే. "అయితే జనవరి దాకా ఆగుదామా, రెండువైపులా కలిసొస్తుంది కదా" అని అడిగే ఓనర్లుంటారు. నేనైతే వద్దంటాను. ఆఖరి జీతం ఎన్నాళ్ళలో ఇవ్వాలో చాలా స్టేట్లలో గడువుంది. పైగా ఆ ఇంట్లో ఇప్పుడే డబ్బు అవసరం.

ఇంకో చిక్కు, పాత చెక్కు. బతికుండగానే చేతికిచ్చిన చెక్కు బ్యాంకులో వేయకుండానే పోయారనుకోండి. దాన్ని ఎస్టేట్ పేరుతో మళ్ళీ రాసిచ్చినా అది ఆయన అందుకున్న జీతమే. మొదట పట్టుకున్న ఇన్‌కమ్ ట్యాక్స్‌తో సహా అన్నీ అలాగే ఉంటాయి, బాక్స్ 1లోకే వస్తుంది. దీనికి 1099 ఉండదు.

ఫిబ్రవరిలో ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, డబ్ల్యూ-2లో బాక్స్ 1కీ బాక్స్ 3కీ పొంతన లేదు, తప్పు పడిందా?" తప్పు కాదు, తేడా ఆ 4,000 అని చెప్పండి. దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఎవరూ పట్టుకోలేదు కాబట్టి అందుకున్నవారే కట్టాలి, కొంత పక్కన పెట్టుకోమని చెక్కుతో పాటే చెప్తే తర్వాత టెన్షన్ ఉండదు. మనిషికి ఇస్తే వాళ్ళ ట్యాక్స్ రిటర్న్ 1040లో, షెడ్యూల్ 1 కింద ఇతర ఆదాయంగా వస్తుంది. ఎస్టేట్‌కు ఇస్తే ఎస్టేట్ రిటర్న్ ఫారం 1041లో. 1099 కనబడగానే కొందరు షెడ్యూల్ సీలో వ్యాపార ఆదాయంగా వేసేస్తారు. అలా వేస్తే కట్టనక్కరలేని సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ మీద పడుతుంది.