ఇంటి రికార్డింగ్‌కి డ్రమ్ సాఫ్ట్‌వేర్: ఏది తీసుకోవాలి, ఎలా పరీక్షించాలి

డ్రమ్ ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే డ్రమ్ వాయిద్యాల) అమ్మకం పేజీల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది గిగాబైట్ల లెక్క. ఎంపికలో తక్కువ పనికొచ్చేదీ అదే. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ డ్రమ్స్‌ని వాయించేది ఎవరు? మౌస్‌తో ఒక్కో నోట్ పెడతారా, చిన్న కీబోర్డు మీదో ప్యాడ్ల మీదో వేళ్లతో కొడతారా, ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ ఉందా, లేక నిజమైన డ్రమ్మర్లు వాయించి ఇచ్చిన మిడి గ్రూవ్‌లను (ఏ డ్రమ్ ఎప్పుడు, ఎంత బలంగా మోగాలో రాసిన సిద్ధమైన లయ ముక్కలను) తెచ్చి పేర్చుకుంటారా? దీనికి జవాబు దొరికితే సగం పేర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

గిటార్ వాయిస్తూ పాటలు కట్టేవారికి, డ్రమ్స్ గురించి పెద్దగా తెలియనివారికి గ్రూవ్‌ల భండారం ఉన్నదే మేలు. ఈజీడ్రమ్మర్ 3 ఈ పనికే పుట్టింది. దాని బ్యాండ్‌మేట్‌లో మీ గిటార్ ట్రాక్‌ని వేస్తే దానికి నప్పే గ్రూవ్‌లు చూపిస్తుంది. ట్యాప్ టు ఫైండ్‌లో లయని తట్టి చూపిస్తే దానికి దగ్గరివి వెతికి పెడుతుంది. లాజిక్ ప్రోలో 2013 నుంచీ డ్రమ్మర్ ట్రాక్ ఉంది, ఉచితంగా వచ్చే గరాజ్‌బ్యాండ్‌లోనూ ఉంది. మ్యాక్ వాడేవారు దానితో రెండు మూడు పాటలు పూర్తిచేసి, ఎక్కడ సరిపోలేదో తెలిశాకే డబ్బు తీయడం మంచిది.

ఎలక్ట్రానిక్ కిట్ ఉన్నవారి అవసరం వేరు. వారికి గ్రూవ్‌లతో పని లేదు. చేతి బరువు కొద్దిగా మారినా శబ్దం మారాలి, హైహ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట సింబల్) పెడల్‌ని పావువంతు తెరిచినప్పుడు ఒకలా, సగం తెరిచినప్పుడు మరోలా పలకాలి, సింబల్ అంచు పట్టుకుంటే మోత ఆగాలి. సుపీరియర్ డ్రమ్మర్ 3, బీఎఫ్‌డీ 3 లాంటి బరువైనవి ఇక్కడే తమ విలువ చూపిస్తాయి. మౌస్‌తో నోట్లు పెట్టేవారికి అంత లోతు చాలావరకు వృథా. తేలిగ్గా లోడయ్యే అడిక్టివ్ డ్రమ్స్ 2 లాంటిది హాయిగా ఉంటుంది.

రెండో ప్రశ్న, శబ్దం పచ్చిదా వండిందా అని. స్టీవెన్ స్లేట్ డ్రమ్స్, గెట్‌గుడ్ డ్రమ్స్ వంటివాటిలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (వాయించేవాడి ముందుండే చురుకైన డ్రమ్) ముందే ఈక్యూ (మంద్ర, తార భాగాల హెచ్చుతగ్గుల సవరణ), కంప్రెషన్ (గట్టి, మెత్తని శబ్దాల తేడా తగ్గించడం) పట్టించి రాక్, మెటల్ మిక్స్‌కి సిద్ధంగా ఉంటాయి. తెరవగానే బాగుంటాయి, కానీ మెత్తని అకౌస్టిక్ పాటలోకి తేవాలంటే వాటితో కుస్తీ పట్టాలి. సుపీరియర్ డ్రమ్మర్ 3లో వచ్చే శబ్దాలు దీనికి ఎదురు కొస. పేరున్న రికార్డింగ్ ఇంజనీర్ జార్జ్ మాసెన్‌బర్గ్ బెల్జియంలోని గెలాక్సీ స్టూడియోస్‌లో వాటిని రికార్డ్ చేశారు. మొత్తం దించుకుంటే 230 జీబీ దాకా అవుతుంది గానీ అంతా అక్కర్లేదు, ప్రాథమిక భాగం చాలు. ఆ పచ్చి శబ్దాన్ని పాటకి తగ్గట్టు మలచడం రాకపోతే మాత్రం ఫలితం చప్పగా ఉంటుంది, తప్పు సాఫ్ట్‌వేర్ మీదకి పోతుంది.

డెమోని ఇలా పరీక్షించండి

కంపెనీ పెట్టిన డెమో పాటలు వినడం దండగ. అందులో వినిపించేది మిక్సింగ్ ఇంజనీర్ పనితనం. ట్రయల్ ఉంటే దించుకుని, ప్లగిన్ లోపలి మాస్టర్ కంప్రెసర్, రివర్బ్ (గది ప్రతిధ్వని) ఆపేసి, మీ డీఏడబ్ల్యూలో (లాజిక్, ప్రో టూల్స్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) ఈ మిడి క్లిప్‌లు తయారుచేసి పెట్టుకోండి.

మొదటిది, స్నేర్ మీద వెలాసిటీ (దెబ్బ బలం, గరిష్ఠం 127) 100తో వరసగా 16 పదహారో నోట్లు. ప్రతి దెబ్బా అచ్చంగా ఒకేలా టకటకలాడితే అదే మెషిన్‌గన్ జబ్బు. ఒకే బలానికి ఒకే శాంపిల్ (రికార్డ్ చేసిన దెబ్బ) ఉండటం దీనికి కారణం. రౌండ్ రాబిన్ ఉన్న లైబ్రరీలో ఒకే బలంతో కొట్టినా వేర్వేరు రికార్డింగులు వంతులవారీగా పలుకుతాయి.

రెండోది, వెలాసిటీ 10 నుంచి 127 వరకు మెట్లుమెట్లుగా పెంచుతూ స్నేర్. ఏదో ఒక మెట్టు దగ్గర శబ్దం గభాలున మారిపోతే అక్కడ పొరలు (వేర్వేరు బలాలకి చేసిన రికార్డింగులు) తక్కువని అర్థం. 25 నుంచి 45 మధ్య ప్రత్యేకంగా వినండి. ఘోస్ట్ నోట్లు (ప్రధాన దెబ్బల మధ్య వినీవినపడనట్టు పడేవి) ఉండేది అక్కడే. కేవలం వాల్యూమ్ తగ్గించిన గట్టి దెబ్బలా వినిపిస్తే ఆ ప్లగిన్‌తో మెత్తని గ్రూవ్ పండదు. స్నేర్ మెత్తగా కొట్టినప్పుడు దాని గుణమే మారుతుంది, చప్పుడు తగ్గడం ఒక్కటే కాదు.

మూడోది, ఒక్క క్రాష్ (పెద్దగా మోగే సింబల్) దెబ్బ. ముట్టుకోకుండా చివరిదాకా వినండి. మోత సహజంగా సన్నగిల్లాలి, మధ్యలో తెగకూడదు. చవక లైబ్రరీలు బయటపడేది సింబల్స్ దగ్గరే. కిక్, స్నేర్‌లని తర్వాత వేరే శాంపిల్‌తో కప్పేయవచ్చు, సింబల్‌ని కప్పడం కష్టం.

ఆఖరిగా, మీ పాటల్లోదే బేస్, గిటార్, గొంతు ఉన్న ముక్క తీసుకుని దాని కింద ప్రతి ప్లగిన్‌నీ వినండి. ముందు వాటి శబ్దస్థాయి సమానం చేయండి. రెండు డెసిబెల్స్ ఎక్కువున్నదే బాగుందనిపించడం చెవి బలహీనత. సోలోలో అదరగొట్టే భారీ కిక్, బేస్ గిటార్ వచ్చేసరికి బురదైపోవడం మామూలే.

కంప్యూటర్ సంగతి

ప్లగిన్ ఏ ఫార్మాట్‌లో వస్తుందో ముందు చూడండి. ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్ కావాలి, లాజిక్, గరాజ్‌బ్యాండ్‌లకి ఏయూ, మిగతా చాలావాటికి వీఎస్‌టీ 3. కాంటాక్ట్ (శాంపిల్ లైబ్రరీలని వాయించే ఇంకో ప్లగిన్) మీద నడిచే లైబ్రరీల్లో ఒక మెలిక ఉంది: కొన్ని ఉచిత కాంటాక్ట్ ప్లేయర్‌లో నడుస్తాయి, కొన్నిటికి డబ్బు పెట్టి కొనే పూర్తి కాంటాక్ట్ కావాలి. ఈ రెండో రకాన్ని ఉచితదానిలో తెరిస్తే 15 నిమిషాలకి ఆగిపోతుంది. ఎక్స్‌పాన్షన్లకీ (విడిగా కొనే అదనపు శబ్దాలకీ) దారి ఒకవైపే: ఈజీడ్రమ్మర్ కోసం చేసిన ఈజీఎక్స్‌లు సుపీరియర్ డ్రమ్మర్‌లో తెరుచుకుంటాయి, సుపీరియర్ కోసం చేసిన ఎస్‌డీఎక్స్‌లు ఈజీడ్రమ్మర్‌లో తెరుచుకోవు.

శాంపిళ్లని ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ మీద పెట్టండి. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో పెద్ద కిట్‌ని అన్ని మైకులతో లోడ్ చేస్తే మిగతా ప్రాజెక్టు ఊపిరాడక గిలగిల్లాడుతుంది. వాడని టామ్‌లు, దూరపు రూమ్ మైకులు తీసేస్తే చాలా తేలికవుతుంది.

వేళ్లతోనో కర్రలతోనో వాయించేవారికి లేటెన్సీ (కొట్టినప్పటి నుంచి వినిపించేదాకా పట్టే ఆలస్యం) ముఖ్యం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దపు ముక్క; ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్క కొలత) అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, స్పీకర్లని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) సొంత ఆలస్యం దీనికి కలుస్తుంది. మొత్తం 10 లోపు ఉంచండి. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లే వెళుతుంది కాబట్టి అసలు డ్రమ్స్ ముందు కూర్చున్నవాడికీ ఒకటి రెండు మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏఎస్‌ఐఓ (ఆలస్యం తగ్గించే) డ్రైవర్ వాడండి. మౌస్‌తో పెట్టేవారికి ఈ బెంగే లేదు, 512 దగ్గర వదిలేయండి.

కొన్నాక తగిలే చిక్కులు

రైడ్ (లయ నడిపే సింబల్) కొట్టాల్సిన చోట టామ్ మోగుతుంటే మ్యాపింగ్ (ఏ నోట్‌కి ఏ డ్రమ్ అనే లెక్క) తేడా. జనరల్ మిడి (అందరికీ ఉమ్మడి నోట్ నంబర్ల పట్టిక) ప్రకారం కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ 42, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. చాలా ప్లగిన్లకి సొంత మ్యాప్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో జనరల్ మిడి లేదా మీ డ్రమ్ మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ కిట్‌తో వచ్చే శబ్దపు పెట్టె) పేరు ఎంచుకోవాలి. ఎలక్ట్రానిక్ కిట్‌లో హైహ్యాట్ ఎప్పుడూ మూసే ఉన్నట్టు పలికితే పెడల్ పంపే సీసీ 4 అనే మిడి సందేశం ప్లగిన్‌కి చేరడం లేదని అనుమానించండి. ప్రతి దెబ్బా రెండుగా వినిపిస్తే మాడ్యూల్ శబ్దం, ప్లగిన్ శబ్దం కలిసి వస్తున్నాయి. మాడ్యూల్‌లో లోకల్ కంట్రోల్ (దాని సొంత శబ్దం మోగించే సెట్టింగ్) ఆపండి.

మల్టీ అవుట్ పెట్టి కిక్, స్నేర్, ఓవర్‌హెడ్ (కిట్ పైనుంచి పట్టిన మైకులు) వేర్వేరు ట్రాక్‌లకి తీశాక శబ్దం గరగరలాడితే, అదే సిగ్నల్ స్టీరియో మెయిన్ అవుట్ నుంచి కూడా వస్తోందేమో చూడండి. కిక్ మీద ఇంకో శాంపిల్ వేశాక అడుగు శబ్దం సన్నబడితే ఒకదాని పోలారిటీ తిప్పి (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి) వినండి. నిండుగా ఉన్న వైపే ఉంచండి.

ఎంత ఖరీదైన ప్లగిన్ అయినా నోట్లు మనిషి వాయించేలా పెట్టకపోతే యంత్రంలాగే మోగుతుంది. డ్రమ్మర్‌కి రెండు చేతులే: క్రాష్, స్నేర్ కలిసి పడే చోట కర్రతో కొట్టే హైహ్యాట్ నోట్ తీసేయండి. హైహ్యాట్ ఎనిమిదో నోట్లకి 95, 70, 90, 65 ఇలా ఎగుడుదిగుడుగా వెలాసిటీ ఇవ్వండి. క్వాంటైజ్ (నోట్లని కచ్చితమైన లయ గీతలకి సర్దడం) 100 శాతం కాకుండా 85 దగ్గర ఆపి చూడండి.

డబ్బు పెట్టకముందు స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5 ఉచిత రూపం, ఎంటీ పవర్ డ్రమ్ కిట్ 2, ఓపెన్ సోర్స్ డ్రమ్‌గిజ్మో, వీటిని పై పరీక్షలకి గురిచేయండి. మీ పాటకి అవే చాలని తేలవచ్చు. ఏది వాడినా పాటని బౌన్స్ చేసేటప్పుడు (ఒకే ఆడియో ఫైల్‌గా తీసేటప్పుడు) చివరి దెబ్బ తర్వాత కనీసం 8 సెకన్లు ఖాళీ వదలండి, లేకపోతే ఆఖరి సింబల్ మోత సగంలో తెగుతుంది.