ఫిలిప్పీన్స్ కూరగాయల వంట, మూడో పాఠం: గరిటె ముట్టని పినక్‌బెట్

పోయిన పాఠంలో గిసా పట్టుబడింది కదా. వెల్లుల్లి, ఉల్లిపాయ, టమాటా నూనెలో మగ్గించి, ఆ పైన ఏ కూరైనా వేసుకోవడం. మన పోపుకి వరసకి చుట్టం లాంటిది. ఇవాళ్టికి మాత్రం దాన్ని పక్కన పెట్టండి. ఈ కూరకి నూనె లేదు, వేయించడం లేదు, అన్నిటికన్నా ముఖ్యం, కలపడం లేదు.

పినక్‌బెట్‌కి పుట్టిల్లు ఇలొకోస్, అంటే లుజోన్ దీవికి వాయవ్యపు అంచు. ఇలొకానో భాషలో ‘పినకెబ్బెట్’ అంటే ముడుచుకుపోయేలా చేసినది అని. ఎన్ని నిమిషాలు ఉడకాలి అని నన్ను అడిగితే 20 దగ్గర్లో అంటాను గానీ, దించే వేళ ఆ పేరులోనే ఉంది. వంకాయ తొక్క ముడతలు పడాలి, కుండ నిండుగా వేసిన కాయలు సగానికి కుంగిపోవాలి.

కాయలన్నీ మనకి తెలిసినవే. నలుగురికి పొట్టి కాకరకాయలు 4, చిన్న గుండ్రటి వంకాయలు 6, లేత బెండకాయలు 8, గుప్పెడు అలసంద కాయలు, బాగా పండిన టమాటాలు 4, ఒక ఉల్లిపాయ, బొటనవేలంత అల్లం. వీటికి ప్రాణం పోసేది బగోఒంగ్. నెత్తళ్లలాంటి చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి చేస్తారు. మూత తీయగానే ఇంట్లోవాళ్లు కిటికీలు తెరవడం మామూలే, కంగారు పడకండి. ఉడికాక ఆ వాసన తగ్గి, మాంసం వేశారా అన్నంత కమ్మదనం మిగులుతుంది. రెండు పెద్ద చెంచాల బగోఒంగ్‌ని అర కప్పు వేడినీళ్లలో కలిపి, ముళ్లు రాకుండా వడకట్టండి. ఉప్పు డబ్బా జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఇప్పుడు తరగడం. ఇక్కడ తెలుగు చేతికి పని తేలిక. వంకాయల్ని తొడిమ ఉంచి, గుత్తి వంకాయకి గాటు పెట్టినట్టే నాలుగు పక్షాలుగా చీల్చండి, విడిపోకూడదు. కాకరకాయలకీ అదే గాటు. పొట్టివి దొరక్కపోతే పొడుగు కాకరకాయనే వేలెడు ముక్కలు చేసుకోవచ్చు. ఉప్పు రాసి పిండి చేదు తీసే అలవాటు మనకి ఉంది, ఇక్కడ ఆ పని చేయొద్దు, చేదు లేని పినక్‌బెట్‌ని నేనైతే పినక్‌బెట్ అనను. బెండకాయలకి తొడిమ చివర మాత్రం కోయండి. కాయలోకి కత్తి దిగిందా, జిగురు బయటికొస్తుంది.

మట్టికుండ ఉంటే మంచిది, లేకపోతే అడుగు మందంగా ఉన్న గిన్నె. అడుగున సగం టమాటా ముక్కలు, ఉల్లిపాయ, దంచిన అల్లం పరవండి. వాటి మీద కాకరకాయలు, తర్వాత వంకాయలు, అలసంద కాయలు, అందరికన్నా పైన బెండకాయలు. మిగిలిన టమాటా చల్లి, వడకట్టిన నీళ్లు చుట్టూ పోసి, మూత పెట్టి, మధ్యస్థమైన మంట మీద ఉంచండి. నీళ్లు చాలవేమోనని భయపడకండి, టమాటా, వంకాయ తమ నీళ్లు తామే వదులుతాయి.

ఏడెనిమిది నిమిషాలకి బుడబుడలు వినిపిస్తాయి. అప్పుడు మసిగుడ్డతో కుండని రెండువైపులా పట్టుకుని, మూతని బొటనవేళ్లతో అదిమి, చాటలో బియ్యం చెరిగినట్టు ముందుకీ వెనక్కీ ఒక్క కుదుపు ఇవ్వండి. పైకాయలు కిందికి, కిందివి పైకి వస్తాయి. మంట తగ్గించండి. మళ్లీ ఐదు నిమిషాలకి ఇంకో కుదుపు. పాఠమంతా ఈ కుదుపులోనే ఉంది.

మొదటిసారి నేను చేసినప్పుడు చెయ్యి ఊరుకోలేదు. మూత తీసి గరిటె తిప్పాను. మా పక్కింటి మానంగ్ (ఇలొకానోలో అక్కని అలా పిలుస్తారు) ఏమీ అనకుండా గరిటె నా చేతిలోంచి తీసుకుని సింకులో వేసింది. అప్పటికే ఆలస్యమైంది. కాకర చేదు పులుసంతా పాకింది, బెండకాయలు చిట్లి తీగలు సాగాయి, వంకాయ ఏదో టమాటా ఏదో తెలియలేదు. కలపకపోతే చేదు కాకరలోనే ఉంటుంది, ఒక ముద్దలో తగులుతుంది, తర్వాతి ముద్దలో తగలదు.

మనీలా వైపు దీన్ని పక్‌బెట్ అంటారు. అక్కడ పంది మాంసంతో గిసా చేసి, చిన్న రొయ్యల బగోఒంగ్ వేసి, గుమ్మడి ముక్కలు కలుపుతారు. తియ్యగా ఉంటుంది. గుమ్మడి పేరెత్తితే ఇలొకోస్‌లో పట్టింపు ఉన్నవాళ్లు మొహం చిట్లిస్తారు. నాకు నవ్వొస్తుంది, టమాటా కూడా గుమ్మడిలాగే అమెరికా ఖండపు పంట. 1565 నుంచి 1815 దాకా మనీలాకీ మెక్సికోలోని అకాపుల్కోకీ మధ్య స్పానిష్ ఓడలు తిరిగిన రోజుల్లో అటువైపు పంటలు చాలా ఇక్కడికి చేరాయి. ఒకదాన్ని కుండలోకి రానిచ్చి ఇంకోదాన్ని గడప బయట నిలబెట్టడం వాళ్ల ఇష్టం. మీరు మాత్రం మొదట గుమ్మడి లేకుండానే చేసి చూడండి.

ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మెడిసిన్ చదివే మన పిల్లలకి సీసాలో బగోఒంగ్ ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటే, రెండు చెంచాల ఎండు రొయ్యల్ని దోరగా వేయించి, పొడి కొట్టి, చెంచాడు ఉప్పుతో కలిపి వేడినీళ్లలో నానబెట్టండి. ఊరబెట్టిన రుచి రాదు, దరిదాపుల్లోకి వస్తుంది. శాకాహారులైతే తౌసీ వాడుకోండి. ఉప్పులో ఊరబెట్టిన నల్ల సోయా గింజలవి, ఫిలిప్పీన్స్ వంటల్లోనూ మామూలుగా వాడేవే. ఒక చెంచాడు మెదిపి వేస్తే చాలు.

దించాక చివర్లో ఒక చుక్క పులుసు నాలుక మీద వేసుకుని, అప్పుడు కావాలంటే ఉప్పు. వేడన్నం, పక్కన వేయించిన చేప.

వారంలో రెండుసార్లు చేయండి, రెండోసారి కుదుపు దానంతట అదే చేతికి వస్తుంది. వచ్చే పాఠం మొంగ్గో, అంటే పెసల కూర. పెసలు ఒక కప్పు, మునగాకు రెండు గుప్పెళ్లు సిద్ధంగా ఉంచుకోండి. పొట్టు తీయని పెసలే కావాలి, పప్పు కాదు.