అమ్మబోయే ఫ్లాటును సర్ది, కొనేవారికి చూపించడానికి సిద్ధం చేయడం ఎలా?

పదిహేనిరవై ఏళ్లు కాపురమున్న ఇంటిని అమ్మాలనుకున్నప్పుడు చాలామంది మొదట ఏజెంటుకు ఫోన్ చేస్తారు, తర్వాత ఆన్‌లైన్‌లో ప్రకటన పెడతారు, బేరం కుదిరి అడ్వాన్సు చేతికొచ్చి ఖాళీ చేయాల్సిన తేదీ నెత్తిమీదికి వచ్చాకే అటక మీది సామాను దించడం మొదలుపెడతారు. ఈ వరుస సరైనది కాదని నా అభిప్రాయం. ఇల్లు మారేటప్పుడు సామాను ఎలాగూ ఏరుకోక తప్పదు. ఆ పని ఆఖర్న చేస్తే లారీ కిరాయి కొంత తగ్గుతుంది, అంతే. అదే పని ముందుగా చేస్తే, చూడవచ్చినవారికి మన సామాను కాకుండా ఇల్లు కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వైపు మూడో అంతస్తులో ఉన్న మా రెండు పడకగదుల ఫ్లాటును అమ్మకానికి పెట్టినప్పుడు, మొదటి నెలలో వచ్చినవారిలో చాలామంది గుమ్మం దాటకుండానే "హాలు బాగా చిన్నదండీ" అన్నారు. హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 11 అడుగులు, చిన్నదేమీ కాదు. కానీ అందులో సోఫా సెట్టు, దానికెదురుగా దివాను, ఎవరూ వాడని కంప్యూటర్ బల్ల, కుట్టుమిషను, షోకేసు, ఫ్రిజ్ ఉండేవి. నడవడానికి మిగిలింది ఒక మనిషి పట్టే సందు. దివాను, బల్ల, కుట్టుమిషను తీసేసిన ఆదివారం నాడు మా నాన్నగారు ఆ మూలన నిలబడి, నేల పలకల అంచున చుట్టూ తిరిగిన ఎర్ర బోర్డరును చూసి ఎన్నేళ్లయిందో అన్నారు. ఆ తర్వాత వచ్చినవారెవరూ హాలు చిన్నదని అనలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంటిని చూపించడం మొదలుపెట్టే రోజుకు కనీసం ఎనిమిది వారాల ముందు పని ఆరంభించండి. మన ప్రాంతంలో ఆషాఢంలో గృహప్రవేశాలు చేయరు, కొత్త ఇంటి బేరాలు కుదుర్చుకోవడానికి కూడా చాలామంది వెనకాడతారు. శ్రావణం రాగానే మళ్లీ చూడటానికి వస్తారు. అందువల్ల వీలున్నవారు వేసవి మొదట్లో అటకలు ఖాళీ చేసి, వానలు పడకముందే మరమ్మతులు, రంగులు పూర్తిచేసి, బీరువాలు, కాగితాలు, వంటింటి సామాను ఏరే పనిని ఆషాఢానికి ఉంచుకుంటే శ్రావణానికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది. వానాకాలంలో గోడలోని తేమ ఆరకుండా లప్పం పెట్టి రంగు వేయిస్తే అది పొక్కి ఊడిపోతుంది కనుక, ఆ ఒక్క పనిలో మాత్రం తొందరపడకండి.

మొదటి పని: అటక

రోజుకు ఒక్క అటక చొప్పున చేయండి. కింద పాత దుప్పటి పరిచి, పైనున్న ప్రతి వస్తువునూ దాని మీదికి దించి, అటకను తుడిచి, మళ్లీ ఏదీ పైకి ఎక్కించకూడదన్న నియమం పెట్టుకోండి. దించినవాటిని వెంట తీసుకెళ్లేవి, ఎవరికైనా ఇచ్చేవి, అమ్మేసేవి, పారేసేవి అని నాలుగు కుప్పలుగా వేయండి. "తర్వాత చూద్దాం" అనే అయిదో కుప్ప దానంతటదే తయారవుతుంది. దానికి ఒక్క అట్టపెట్టె మాత్రమే కేటాయించి, పైన తేదీ రాసి, ఆ తేదీకల్లా తేల్చేయండి.

అటక మీద సగం చోటు ఖాళీ పెట్టెలదే. టీవీ, మిక్సీ, కుక్కర్ కొన్నప్పటి అట్టపెట్టెలను థర్మోకోల్‌తో సహా దాచుకుంటాం. తీసుకెళ్లబోయే టీవీకి సరిపడే పెట్టె ఉంటే అది ఒక్కటీ ఉంచి, మిగిలినవి పాత పేపర్లతోపాటు తూకానికి వేసేయండి. ముద్దకట్టిన బూరుగుదూది పరుపులను ఏకించి కుట్టించే ఉద్దేశం నిజంగా ఉంటేనే ఉంచండి. పెళ్లిళ్లలో వచ్చి పెట్టె విప్పని స్టీలు సామాను, డిన్నర్ సెట్లు ఇచ్చేసే కుప్పలోకి వెళ్లాలి.

ఇత్తడి గంగాళాలు, కాగులు, రాగి బిందెలు, అమ్మమ్మ నాటి ఆవకాయ జాడీల సంగతి వేరు. వీటిని ఒక్కరే తేల్చకూడదు. ఒక్కొక్కదాన్ని ఫొటో తీసి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరికి కావాలో ఫలానా తేదీలోగా చెప్పమని అడగండి. మా ఇంట్లో మోకాలి ఎత్తున్న జాడీ ఒకటి ఉండేది. మూత పోయింది, లోపల నూనె మరక ఇంకా ఉంది, మూతికి కట్టిన పాత పంచె ముక్క కూడా అలాగే ఉంది. నేను దాన్ని పారేసే కుప్పలో పెట్టాను. ఫొటో చూసి మా పెద్దక్క రాజమండ్రి నుంచి అదే రోజు ఫోన్ చేసింది. అడగకుండా తీసేసి ఉంటే నేను జన్మంతా మాట పడాల్సివచ్చేది, అది న్యాయం కూడా.

పాత పట్టుచీరలను వీధిలో కొనేవారికి చూడకుండా ఇచ్చేయకండి. పూర్వపు అసలు జరీలో వెండి ఉంటుంది కాబట్టి, తెలిసిన దుకాణంలో పరీక్ష చేయించాక అమ్మడమో ఉంచుకోవడమో తేల్చుకోండి. పాడైన టీవీలు, కంప్యూటర్లు, ఛార్జర్లు, ఫోన్లను మామూలు చెత్తలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టర్ అయిన రీసైక్లింగ్ సంస్థలకు చేర్చాలి. ఇన్వర్టర్ పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి కనుక దాన్ని బ్యాటరీ దుకాణానికే ఇవ్వండి, సీసానికి కొంత ధర కూడా కడతారు.

కాగితాలు: పారేసే ముందు చదవండి

ఈ ఒక్కచోట మాత్రం వేగం పనికిరాదు. అసలు సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయి కాపురానికి తగినదని ఇచ్చే పత్రం), ఆస్తిపన్ను రసీదులు, బ్యాంకు అప్పు తీరినట్టు ఇచ్చిన పత్రం, బకాయిలేమీ లేవని సొసైటీ ఇచ్చే లేఖ ఒకే ఫైలులో ఉండాలి, ఆ ఫైలు సామానుతోపాటు లారీ ఎక్కకూడదు.

ఇంటికి శాశ్వతంగా చేయించిన మార్పుల బిల్లులు ఎంత పాతవైనా దాచండి. 24 నెలలకు పైగా సొంతంగా ఉన్న ఇంటిని అమ్మితే వచ్చే లాభాన్ని దీర్ఘకాలిక మూలధన లాభంగా లెక్కిస్తారు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి, దేశంలో నివసించే వ్యక్తులు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం అనే రెండు లెక్కల్లో ఏది తక్కువైతే ఆ పన్ను కట్టవచ్చు. ఆ లెక్కలో ఇంటి అభివృద్ధికి పెట్టిన ఖర్చును కూడా చూపించుకోవచ్చు, కానీ అందుకు బిల్లు కావాలి. అదనంగా గది వేయించిన బిల్లు, నేల మార్పించిన బిల్లు పాత పేపర్ల మధ్య తూకానికి వెళ్లిపోతే తర్వాత ఆడిటర్ కూడా చేయగలిగింది తక్కువ. అమ్మే ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కడతారన్నది కూడా ముందే తెలుసుకుని ఉండండి. దస్తావేజులో విదేశంలో ఉన్న పిల్లల పేరు కూడా ఉంటే వారి వాటాకు టీడీఎస్ నిబంధన వేరు కనుక ఆడిటర్‌ను ముందుగా కలవండి.

దేవుడి గది, గోడల మీది ఫొటోలు

ఇల్లు చూడవచ్చినవారు ఆ గోడల మధ్య తమ కుటుంబాన్ని ఊహించుకోవాలి. మన పెళ్లి ఫొటోలు, పిల్లల మెడళ్లు, నాలుగేళ్ల కిందటి క్యాలెండర్లు ఆ ఊహకు అడ్డుపడతాయి. గతించిన పెద్దల దండ వేసిన ఫొటోలను ముందుగానే భద్రంగా తీసి, వీలైతే కొత్త ఇంటికో బంధువుల ఇంటికో పంపించండి. దేవుడి గది మాత్రం శుభ్రంగా, దీపం వెలిగేలా ఉండాలి; అది ఇంటికి నిండుదనాన్నిస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న పటాలను చెట్ల కింద వదిలేయకుండా, అద్దాన్నీ చెక్క చట్రాన్నీ వేరుచేసి, బొమ్మ ఉన్న కాగితాన్ని నీళ్లలో నానబెట్టి మొక్కల మొదట్లో కలిపేయవచ్చు.

దాచకుండా బాగుచేయించండి

గోడకు ఆనించి ఉన్న ప్రతి బీరువానూ ఒకసారి ముందుకు జరపండి. మా పడకగదిలో బీరువా వెనక, స్నానాలగది గోడకు ఇవతలి వైపున, రెండు అరచేతులంత మేర సున్నం ఉబ్బి తెల్లటి ఉప్పు పొంగి ఉంది. పైన రంగు కొట్టేసి బీరువాను తిరిగి అక్కడికే జరపవచ్చని పనివాడు సలహా ఇచ్చాడు. మేము స్నానాలగదిలో టైల్స్ సందులన్నీ కొత్తగా గ్రౌటింగ్ చేయించి, గోడను మూడు వారాలు ఆరనిచ్చి, అప్పుడు లప్పం, రంగు వేయించాము. కొన్నవారికి ఆ సంగతి బిల్లుతో సహా చెప్పాము. మనకు తెలిసి, కొనేవారు మామూలు పరిశీలనలో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని వారికి తెలియజేయడం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మేవారి బాధ్యత. చట్టం లేకపోయినా, తన జీవితకాలపు పొదుపుతో ఇల్లు కొంటున్న మనిషి దగ్గర దాచడం తప్పు.

కారే కుళాయి, కిర్రుమనే తలుపు, పనిచేయని స్విచ్చి, గడియ పడని కిటికీ చిన్నవే అయినా, చూసేవారు వాటిని బట్టే పెద్దవాటిని అంచనా వేస్తారు. ప్లంబరు, ఎలక్ట్రీషియను, వడ్రంగి ఒక్కొక్కరికి ఒక్కరోజు పని. మేకుల కంతలు పూడ్చి, గోడలకు లేత రంగు వేయించండి. గదికొక రంగు వద్దు.

గదులను అమర్చడం

హాలులో సోఫా, టీవీ, ఒక చిన్న బల్ల చాలు. గుమ్మం నుంచి బాల్కనీ దాకా చూపు అడ్డులేకుండా సాగాలి. వాస్తు మీద మనకు ఎలాంటి అభిప్రాయమున్నా, చూడవచ్చేవారిలో చాలామంది ఫోన్‌లో దిక్సూచి తెరిచి చూస్తారు కాబట్టి ఈశాన్య మూలలో చెప్పుల స్టాండు, చీపుర్లు, పాత పేపర్ల కట్టలు లేకుండా చూసుకోండి, బరువైన బీరువాను నైరుతిలో ఉంచండి.

సామానంతా అల్మారాల్లోకి తోసి తలుపులు వేస్తే సర్దినట్టు కాదు. ఉడ్‌వర్క్ ఇంటితోపాటు వస్తుంది కాబట్టి కొనేవారు ప్రతి తలుపూ తెరుస్తారు, తెరవాలి కూడా. అల్మారాల్లో మూడో వంతు ఖాళీగా ఉంచండి.

వంటగట్టు మీద పొయ్యి, మిక్సీ తప్ప ఏమీ ఉండనివ్వకండి. చిమ్నీ జాలీని, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలను వేడి సోడా నీళ్లలో నానబెట్టి జిడ్డు పోయేలా రుద్దండి. బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద, టైల్స్ మీద కట్టిన తెల్లటి ఉప్పుచారలకు వెనిగర్‌లో తడిపిన గుడ్డను అరగంట చుట్టి ఉంచి తుడిస్తే చాలావరకు వదులుతాయి; పాలరాయి మీద మాత్రం వెనిగర్ పడనివ్వకండి, రాయి మెరుపు పోతుంది.

ఇంటి మొత్తంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది బాల్కనీ అని నా అనుభవం. గాలి పోయిన సైకిలు, ఎండిపోయిన కుండీలు, పగిలిన బకెట్లు, బట్టల తీగలు తీసేసి, గ్రిల్లుకు తుప్పు గీకి రంగు వేసి, ఒక తులసి కుండీ, రెండు పచ్చని మొక్కలు, ఒక కుర్చీ ఉంచండి. చూడవచ్చినవారు అక్కడికి వెళ్లి ఒక్క నిమిషం నిలబడితే ఆ ఇంటి గాలీ వెలుతురూ వారికి తెలుస్తాయి.

చూపించే రోజు

ఇంట్లోకి ఎండ బాగా వచ్చే సమయమేదో గమనించి, ఆ వేళకే రమ్మనండి. ఆ పూట వేపుళ్లు, చేపల కూరలు పెట్టుకోకండి. ఘాటైన రూమ్ స్ప్రే కూడా వద్దు, అది దేన్నో కప్పిపుచ్చుతున్నట్టు తోపింపజేస్తుంది. కిటికీలన్నీ తెరిచి, కర్టెన్లు పక్కకు జరిపి, ఫ్యాన్ రెక్కలు తుడిచి, గడపకు పసుపు రాసి చిన్న ముగ్గు పెడితే చాలు. ఇంట్లో ఒక్కరే వెంట ఉండి, అడిగినదానికి జవాబు చెప్పండి.

ఇల్లు చూపించకముందే, మీరు తీసుకెళ్లదలచిన షాండ్లియర్‌ను, గీజర్‌ను, ఏసీని విప్పేయండి, లేదా అది రాదని ముందే చెప్పండి. గోడకు కనిపించిన వస్తువు ఇంటితోపాటే వస్తుందని కొనేవారు అనుకోవడం సహజం. ఫ్యాన్లు, లైట్లు, కర్టెన్ రాడ్లు, చిమ్నీ, వాటర్ ప్యూరిఫయర్‌లలో ఏవి ఉంటాయో ఏవి వెళ్తాయో జాబితా రాసి, అగ్రిమెంటుతో జతచేసి ఇద్దరూ సంతకాలు చేయండి.

తరలివెళ్లే వారం

ముందే ఏరుకున్నారు కాబట్టి ఇక మిగిలింది కట్టడమే. ప్రతి పెట్టె మీద ఒక అంకె, చేరవలసిన గది పేరు రాసి, లోపలేముందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. నగలు, దస్తావేజులు, మందులు, మూడు రోజుల బట్టలు మీ చేతిసంచిలోనే ఉండాలి. గ్యాస్ సిలిండర్లను సామాను లారీలో వేయకూడదు. వేరే ఊరికి వెళ్తున్నవారు సిలిండరును, రెగ్యులేటరును తమ ఏజెన్సీలో అప్పగించి, పత్రం తీసుకుని, కొత్త ఊళ్లో కనెక్షన్ పొందవచ్చు. లారీ బయల్దేరాక గదులన్నీ ఊడ్చి, కొన్నవారి ఎదుటే కరెంటు మీటరు రీడింగును ఫొటో తీసి, ఆ రోజు వరకు బిల్లు కట్టి, తాళంచెవులన్నీ లెక్కపెట్టి వారి చేతికివ్వండి.