సర్వర్‌కు ప్యాచ్‌లు, 4వ పాఠం: ప్యాచ్ పడింది, పాత కోడ్ ఇంకా నడుస్తోంది

పోయిన పాఠంలో ఉబుంటు సర్వర్‌లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, అంటే ప్యాచ్‌లను తనంతట తానే వేసే టూల్, ఆన్ చేశాం. ఆ తర్వాత చాలామంది అడిగింది ఒకటే: "కొత్త కెర్నల్ పడిందని లాగ్‌లో ఉంది, కానీ యునేమ్ మైనస్ ఆర్ కొడితే పాతదే వస్తోంది, ఎందుకు?" కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, యునేమ్ మైనస్ ఆర్ అంటే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపే కమాండ్. ఇవాళ యాన్సిబుల్, అంటే చాలా సర్వర్లను ఒకేచోటు నుంచి నడిపే టూల్, మొదలుపెట్టాల్సింది. ఇది తేలకుండా పది సర్వర్ల మీదికి వెళ్తే ఇదే తికమక పది చోట్ల ఎదురవుతుంది. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

టూల్ తన పని చేసింది, డిస్క్ మీద ఫైళ్లు మారాయి. నడుస్తున్న కెర్నల్ మాత్రం రీబూట్ అయ్యేదాకా మారదు. ఆటోమేటిక్ రీబూట్ సెట్టింగ్ మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది. వెబ్ సర్వర్లకు నేను తెల్లవారుజాము టైమ్ పెట్టి ఆన్ చేస్తాను, డేటాబేస్‌కు మాత్రం ఎప్పుడూ పెట్టను. రీబూట్ బాకీ ఉంటే వార్ రన్ డైరెక్టరీలో రీబూట్ రిక్వైర్డ్ అనే ఫైలు కనిపిస్తుంది.

కెర్నల్‌తో ఇబ్బంది లేదు, అడిగితే చెప్తుంది. లైబ్రరీలు, అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్లు, చెప్పవు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా రంధ్రం బయటపడినప్పుడు ఆ ప్యాకేజీని అప్‌డేట్ చేసినంత మాత్రాన సరిపోలేదు. అప్పటికే నడుస్తున్న ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ మెమరీలో పాత లైబ్రరీయే ఉంటుంది. డిస్క్ మీద ఫైలు పేరు చెరిగిపోయినా, ఏదైనా ప్రాసెస్ దాన్ని వాడుతున్నంతకాలం యూనిక్స్ ఆ డేటాను తీసేయదు.

ఇక్కడే "రీలోడ్ కొట్టాం కదా" అంటారు. ఈ మాట వింటే నాకు నిజంగా చిరాకు. రీలోడ్‌తో ఎన్‌జిన్‌ఎక్స్ మాస్టర్ ప్రాసెస్ (వర్కర్లనే పని చేసే ప్రాసెస్‌లను పుట్టించేది) ఆగదు. కాన్ఫిగరేషన్ మళ్లీ చదివి, కొత్త వర్కర్లను ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలుగా పుట్టిస్తుంది. వాటికీ మాస్టర్ మెమరీలోని పాత లైబ్రరీయే వస్తుంది. వర్కర్ల ప్రాసెస్ నంబర్లు మారతాయి కాబట్టి అంతా కొత్తదే అనిపిస్తుంది, కానీ లోపల ఆ రంధ్రం అలాగే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ ఇంతే, కొత్త కనెక్షన్ కూడా పాత తల్లి ప్రాసెస్ నుంచే పుడుతుంది. కావలసింది రీస్టార్ట్. ఏ సర్వీసుకు కావాలో నీడ్‌రీస్టార్ట్ అనే టూల్ చెప్తుంది, ఉబుంటు 22.04 సర్వర్‌లో అది ముందే ఉంటుంది.

అభ్యాసం: పాత ఇమేజ్‌తో ఒక వర్చువల్ మెషీన్ లేపండి. నీడ్‌రీస్టార్ట్ తీసేయండి, లేకపోతే అదే రీస్టార్ట్ చేసేయొచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్‌ను హెచ్‌టీటీపీఎస్‌తో నడిపి, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ప్యాకేజీ) ఒక్కటే అప్‌డేట్ చేయండి. ప్రాక్ డైరెక్టరీలో మాస్టర్ ప్రాసెస్ నంబరు కింద ఉన్న మ్యాప్స్ ఫైలు చూడండి, పాత లైబ్రరీ పక్కన డిలీటెడ్ అని ఉంటుంది. రీలోడ్ చేసి మాస్టర్‌దీ, కొత్త వర్కర్‌దీ మళ్లీ చూడండి. తర్వాత రీస్టార్ట్ చేసి చూడండి. మూడుసార్లూ కనిపించింది రాసిపెట్టుకోండి, యాన్సిబుల్ ప్లేబుక్‌లో (సర్వర్లు చేయాల్సిన పనుల ఫైలులో) మార్పు జరిగినప్పుడు సర్వీసును రీస్టార్ట్ చేసే హ్యాండ్లర్ రాసేటప్పుడు అది పక్కన ఉండాలి.